అమెరికా బానిసత్వంపై విదేశీ యాత్రికుల రాతలు: ఎవరి మాట ఎంతవరకు నమ్మాలి?

గోదారిగట్టు:

కొత్తగా పుట్టిన అమెరికాను చూసి వెళ్లిన యూరప్ రచయితలు అక్కడి బానిసత్వం గురించి ఏం రాశారో చదవాలని మా పఠన బృందం అనుకుంటోంది. ఫ్రాన్సు నుంచి టోక్విల్, ఇంగ్లండ్ రచయిత్రులు ఫ్రాన్సెస్ ట్రోలప్, హారియట్ మార్టినో, నవలాకారుడు డికెన్స్, నటి ఫ్యానీ కెంబుల్, శాస్త్రవేత్త చార్లెస్ లయల్, ఈ ఆరుగురినీ ఎంచుకున్నాం. చిక్కేమిటంటే ఒకరి మాటకూ ఇంకొకరి మాటకూ పొసగడం లేదు. జార్జియాలో ఒకే నది ఒడ్డున ఉన్న తోటల గురించి లయల్ ఒకలా, కెంబుల్ ఇంకోలా రాశారు. టోక్విల్ ఏమో బానిసత్వం యజమానికే నష్టం అంటాడు. అలాగైతే అది అంతకాలం ఎలా నిలిచింది?

వీటిని పరీక్షించి చదివే పద్ధతి ఏదైనా ఉంటే చెప్పండి. అన్నీ మొదటి నుంచి చివరిదాకా చదివే వ్యవధి అందరికీ లేదు, కాబట్టి ఏ భాగాలు తప్పనిసరో కూడా చెబితే మేలు. బానిసలుగా బతికినవాళ్ల సొంత మాటలు వీటి పక్కన ఏవి పెట్టుకోవాలి?

---

పాత అట్లాసు:

పుస్తకం తెరవకముందే ఒక్కో రచయితకు ఒక్కో కాగితం పెట్టుకోండి. ఏ నెలలో ఏ ఊళ్లో ఉన్నారు, ఎవరింట్లో దిగారు, ఎవరితో మాట్లాడారు, ప్రయాణానికీ అచ్చుకూ మధ్య ఎన్నేళ్లు గడిచాయి, ఈ నాలుగూ రాసుకోండి. సగం వైరుధ్యాలు అక్కడే విడిపోతాయి.

డికెన్స్‌నే తీసుకోండి. 1842 జనవరిలో బోస్టన్‌లో దిగాడు, జూన్‌లో తిరుగు ప్రయాణం కట్టాడు, అక్టోబరుకల్లా పుస్తకం అచ్చయింది. దక్షిణాన చార్లెస్టన్ దాకా వెళ్లాలనుకుని వర్జీనియాలోని రిచ్మండ్ నుంచే వెనక్కి తిరిగాడు. తర్వాత పడమటికి వెళ్లినప్పుడు కెంటకీ, మిస్సోరీ రాష్ట్రాలను తాకాడు కానీ అది చాలావరకు స్టీమర్ మీద ప్రయాణం. పత్తి తోట అతను చూడలేదు. అయినా పుస్తకం చివర్లో బానిసత్వం మీద ప్రత్యేకంగా ఒక అధ్యాయం ఉంది. పారిపోయిన బానిసల కోసం యజమానులు పత్రికల్లో వేయించిన ప్రకటనలు అందులో వరసగా వస్తాయి: కాల్చిన వాత, తెగిన చెవి, కాలికి గొలుసు. అవి డికెన్స్ తిరిగి సేకరించినవి కావు. బానిసత్వ వ్యతిరేక ఉద్యమకారులు థియొడోర్ వెల్డ్, గ్రిమ్కీ అక్కచెల్లెళ్లు దక్షిణాది పత్రికలు వేల సంచికలు జల్లెడ పట్టి 1839లో వేసిన సంకలనం నుంచి తీసుకున్నాడు, వాళ్ల పేరు మాత్రం చెప్పలేదు. దానివల్ల ప్రకటనలు అబద్ధం అయిపోవు. యజమానులే తమ చేత్తో రాసి డబ్బు కట్టి వేయించినవి కాబట్టి అంతకు మించిన సాక్ష్యం దొరకదు. కానీ ఆ అధ్యాయాన్ని కంటితో చూసినవాడి మాటగా లెక్కేయకూడదు. అతను కంటితో చూసింది రిచ్మండ్ ప్రయాణం అధ్యాయంలో ఉంది. అదే రైల్లో నల్లవాళ్ల పెట్టెలో ఒక తల్లీ పిల్లలూ ఉన్నారు. అప్పుడే అమ్ముడుపోయారు, భర్త పాత యజమాని దగ్గరే మిగిలిపోయాడు. నాలుగైదు వాక్యాలే, దాన్ని వదలకండి.

టోక్విల్, అతని మిత్రుడు బోమోంట్ 1831 మే నుంచి 1832 ఫిబ్రవరి దాకా అక్కడున్నారు. ఫ్రెంచి ప్రభుత్వం పంపింది జైళ్లు చూసి రమ్మని. ఆ తొమ్మిది నెలల్లో ఎక్కువ భాగం ఉత్తరాదిలోనే గడిచింది. ఆ చలికాలం ఒహాయో నది గడ్డకట్టి దారి మూసుకుపోవడంతో ఆలస్యమై, 1832 జనవరి 1న న్యూ ఓర్లియన్స్ చేరారు. అక్కడ నిలిచింది చాలా కొద్ది సమయం. తర్వాత అలబామా, జార్జియా, కరొలినాల మీదుగా వాషింగ్టన్‌కు ఒకటే పరుగు. తోటల్లో రోజువారీ పని ఎలా సాగుతుందో టోక్విల్ దగ్గర వెతక్కండి, దొరకదు. అతను బాగా చూసింది వేరే ఉంది. బానిసత్వం రద్దయిన రాష్ట్రాల్లో జాతి ద్వేషం తగ్గలేదు సరికదా ఇంకా ఎక్కువగా ఉందని గట్టిగా రాశాడు. పెన్సిల్వేనియాలో స్వేచ్ఛగా ఉన్న నల్లవాళ్లకు ఓటు ఉండి కూడా ఎందుకు వేయడం లేదని అడిగితే, జనంలో ఎక్కువమంది ఒప్పుకోనప్పుడు చట్టం పనిచేయదని జవాబు వచ్చిందట. అది అధోజ్ఞాపికలో ఉంది, చాలామంది దాటేస్తారు. 1838లో ఆ రాష్ట్రం ఆ ఓటు హక్కును కాగితం మీద కూడా తీసేసింది. చదవాల్సింది 'డెమోక్రసీ ఇన్ అమెరికా' మొదటి సంపుటం (1835) చివరి అధ్యాయం, మూడు జాతుల గురించినది.

అతని ప్రయాణ నోట్లు కూడా పక్కన పెట్టుకోండి. పుస్తకంలో లేనివి వాటిలో ఉన్నాయి. 1831 నవంబరులో బాల్టిమోర్‌లో దిక్కులేని పేదలను ఉంచే ఆశ్రమంలో మతి చలించిన ఒక నల్లజాతి మనిషిని చూశాడు. వూల్ఫోక్ అనే బానిస వర్తకుడు రాత్రీ పగలూ తనను వెంటాడుతున్నాడని ఆ మనిషి భయం. వూల్ఫోక్ ఊహ కాదు, నిజంగా ఆ ఊళ్లో పెద్ద వర్తకుడు. మేరీలాండ్, వర్జీనియాల నుంచి దక్షిణాది పత్తి, చెరకు తోటలకు మనుషుల్ని అమ్మే వ్యాపారం ఒకరి మనసును ఏం చేసిందో ఆ ఒక్క నోటులో కనిపిస్తుంది. 1790 నుంచి 1860 మధ్య అలా తరలించబడినవాళ్లు దాదాపు 10 లక్షలు.

బోమోంట్ బానిసత్వం మీద రాసింది నవల (1835). అందులోని న్యూయార్క్ అల్లర్లకు ఆధారం 1834 జూలై ఘటనలు, అప్పటికి అతను ఫ్రాన్సులో ఉన్నాడు. వెనక చేర్చిన అనుబంధాలు పనికొస్తాయి. కథను మాత్రం సాక్ష్యంగా వాడకండి.

ఈ ఆరుగురిలో పద్ధతిగా పని చేసింది మార్టినో. 1834 సెప్టెంబరు నుంచి 1836 ఆగస్టు దాకా తిరిగింది. చెవుడు ఉండటంతో చెవి బాకా పెట్టుకుని మాట్లాడేది. అందువల్ల ఆమె రాసిన సంభాషణలు ఎక్కువగా ఆమెతో నేరుగా అన్న మాటలే. పక్కన ఎవరో అనుకుంటుంటే చెవిన పడ్డ కబుర్లు వాటిలో ఉండటం అరుదు. ముఖ్యంగా గమనించాల్సింది తేదీల వరస. దక్షిణాది ప్రయాణం 1835 తొలి సగంలోనే ముగిసింది, బోస్టన్‌లో బానిసత్వ వ్యతిరేక స్త్రీల సభలో ఆమె బహిరంగంగా మాట్లాడింది ఆ నవంబరులో. కాబట్టి చార్లెస్టన్‌లో, న్యూ ఓర్లియన్స్‌లో యజమానులు ఆమెను పేరున్న అతిథిగానే చూసి దాపరికం లేకుండా మాట్లాడారు. నవంబరు తర్వాత వెళ్లి ఉంటే ఆ తలుపులు తెరుచుకునేవి కావు. 1837 పుస్తకంలో బానిసత్వపు నీతి మీద ఉన్న అధ్యాయం చదవండి. యజమానులు బానిస స్త్రీల మీద చేసే అత్యాచారం గురించీ, దాన్ని చూస్తూ నోరు మెదపలేని తెల్ల ఇల్లాళ్ల గురించీ ఆ రోజుల్లో ఒక స్త్రీ అంత సూటిగా రాయడం చిన్న సంగతి కాదు.

ట్రోలప్ వేరే రకం. 1827 క్రిస్మస్ నాటికి న్యూ ఓర్లియన్స్, తర్వాత రెండేళ్లు సిన్సినాటి, అక్కడ పెట్టిన వ్యాపారం మునిగింది, 1832లో పుస్తకం. సమానత్వం గురించి గొప్పలు పోతూ కొరడా పట్టేవాళ్లంటే ఆమెకు మంట. అయినా బానిసత్వం కంటే సామాన్యుల మొరటుతనమే ఎక్కువ పేజీలు తినేసింది. ఆమె దగ్గర తప్పక చదవాల్సిన ఘట్టం ఒకటుంది. ఎనిమిదేళ్ల బానిస పిల్ల ఎలుకల పాషాణం కలిపిన బిస్కెట్ తినేసింది. ట్రోలప్ ఆవపిండి కలిపిన నీళ్లు తాగించి కక్కించి, పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుంది. అది చూసి ఆ ఇంటి అమ్మాయి, రెండు వందల డాలర్లిచ్చినా నేనైతే ఆ నోరు ముట్టుకోను అంది. ఆ ఇంట్లో పెరిగే తెల్ల పిల్లలకు బానిసత్వం ఏం నేర్పిందో ఆ ఒక్క మాట చెబుతుంది.

---

ఉప్పుటేరు:

లయల్, కెంబుల్ సంగతి నేను చెబుతాను. ఇక్కడ ఇద్దరిలో ఒకరు అబద్ధమాడుతున్నారని తేల్చేయడమే పెద్ద పొరపాటు.

నది అల్టమాహా. దాని ముఖద్వారం దగ్గర బట్లర్ దీవిలో వరి, సముద్రపు ఒడ్డున సెయింట్ సైమన్స్ దీవిలో పొడుగు పింజ పత్తి. రెండూ పియర్స్ బట్లర్ కుటుంబానివి, దాదాపు 700 మంది బానిసలు. యజమాని ఉండేది ఫిలడెల్ఫియాలో, పెత్తనమంతా ఓవర్సీర్‌ది, అంటే జీతానికి ఉండి బానిసలతో పని చేయించేవాడిది. పేరున్న ఇంగ్లిష్ నటి కెంబుల్ 1834లో బట్లర్‌ను పెళ్లాడి, 1838 డిసెంబరు చివరి నుంచి 1839 ఏప్రిల్ దాకా ఆ తోటల్లో ఉంది. నదికి కొంచెం ఎగువన హోప్‌టన్ తోట. దాని పెత్తనం చూసిన జేమ్స్ హామిల్టన్ కూపర్ చదువుకున్నవాడు, విజ్ఞానశాస్త్రం మీద మక్కువ ఉన్నవాడు, అక్కడే కాపురం. భూగర్భ శాస్త్రవేత్త లయల్ తన రెండో యాత్రలో (1845–46) అతని అతిథి. అంతకుముందు స్కాట్లాండ్ యాత్రికుడు బేసిల్ హాల్, ఆ తర్వాత స్వీడన్ రచయిత్రి ఫ్రెడ్రికా బ్రెమర్ కూడా కూపర్ ఇంటి ఆతిథ్యం తీసుకున్నవాళ్లే. పేరున్న విదేశీయుడు ఎవరొచ్చినా ఆ ఇంటికే చేరేవాడు. అది నమూనా తోట. దాన్ని చూసి జార్జియా మొత్తం ఇంతేననుకుంటే మోసపోతాం.

ఇప్పుడు ఒకే విషయాన్ని ఇద్దరి దగ్గరా పోల్చండి. ప్రసవించిన స్త్రీలకు విశ్రాంతి. హోప్‌టన్ ఆసుపత్రిలో మూడు గదులు, శుభ్రంగా గాలి ఆడేలా ఉన్నాయి, బాలింతలకు నెల రోజుల విశ్రాంతి ఇస్తారు అని లయల్. బట్లర్ దీవిలో మూడు వారాలకే పొలానికి తోలుతున్నారు, నెల రోజులు ఇప్పించమని స్త్రీలు తన కాళ్లావేళ్లా పడ్డారు అని కెంబుల్. రెండూ నిజమే కావచ్చు. మంచి తోటలో దక్కిన అత్యధిక ఉపకారం నెల రోజులన్నమాట. అదీ హక్కు కాదు, యజమాని దయ. కూపర్ చనిపోతే, అప్పులపాలైతే ఆ నెల ఎగిరిపోతుంది.

పని కొలత కూడా తెలిసి ఉండాలి. ఆ వరి తీరంలో పొద్దస్తమానం గుంపుగా పని చేయించే పద్ధతి కాదు, రోజుకింత అని వంతు ఇచ్చేవాళ్లు. గట్టి మనిషికి మామూలుగా పావు ఎకరం. అది పూర్తయితే మిగిలిన పొద్దు తమది. మధ్యాహ్నం మూడింటికి తోట చూడటానికి వచ్చిన అతిథికి కొందరు తమ గుడిసెల ముందు కోళ్లు మేపుకుంటూ కనిపిస్తారు. బానిసలకు తీరిక బాగానే ఉందని అతను రాసేస్తాడు. వేకువనే బురదలో దిగి ఆ వంతు ముగించిన సంగతి, ముగించలేని గర్భిణికి పడే దెబ్బల సంగతి అతనికి ఎవరు చెబుతారు? కెంబుల్‌కు చెప్పారు. ఆమె అక్కడ నాలుగు నెలలకు దగ్గరగా ఉంది, పైగా యజమాని భార్య. ఆమె చెబితే ఏమైనా తగ్గుతుందేమోనని ఒక్కొక్కరే వచ్చి మొర పెట్టుకున్నారు. ఒక రోజు వచ్చినవాళ్ల జాబితా ఆమె రాసింది. ఫ్యానీకి ఆరుగురు పిల్లలు, ఒక్కరు తప్ప అందరూ పోయారు. నానీకి ముగ్గురు, ఇద్దరు పోయారు. సోఫీకి పదిమంది, ఐదుగురు పోయారు. అలా సాగుతుంది. ఈ ఆరు పుస్తకాల్లో ఒక్క పేజీ మాత్రమే చదివించే వీలుంటే నేను ఆ పేజీనే చదివిస్తాను.

ఆమె దగ్గరా జాగ్రత్త అవసరమే. దినచర్య 1839 నాటిది, అచ్చయింది 1863లో. మధ్యలో 1849లో విడాకులు. తేదీల్లో, కొన్ని స్థానిక ఉదంతాల్లో పొరపాట్లున్నాయని తర్వాతివాళ్లు చూపించారు. నల్లవాళ్ల రూపం, శుభ్రత గురించి ఆమె వాడిన మాటలు ఆ కాలపు తెల్లవాళ్ల చిన్నచూపు నుంచి బయటపడలేదు. ఆ పుస్తకం వల్లే అమెరికా అంతర్యుద్ధంలో బ్రిటన్ దక్షిణాదికి సాయం చేయకుండా ఆగిపోయిందని కొన్నిచోట్ల రాస్తారు. అది పెంచి చెప్పడమే. 1863 జనవరి 1న లింకన్ చేసిన బానిసల విముక్తి ప్రకటన తర్వాత బ్రిటన్‌లో గాలి అప్పటికే మారింది, పుస్తకం వచ్చింది ఆ మే నెలలో. మొదటి ముద్రణలో పేర్ల చోట గీతలు, పొడి అక్షరాలు ఉంటాయి. 1961లో జాన్ ఎ. స్కాట్ సంపాదకత్వంలో వచ్చిన ప్రతి దొరికితే ఎవరెవరో తెలుస్తుంది.

ఆమె జాబితాలోని కుటుంబాలకు తర్వాత ఏం జరిగిందో కూడా మీ బృందం చదవాలి. బట్లర్ అప్పులు తీర్చడానికి 1859 మార్చి 2, 3 తేదీల్లో సవానా దగ్గర గుర్రప్పందేల మైదానంలో 429 మందిని వేలం వేశారు.

---

లెక్కల మాస్టారు:

టోక్విల్ నష్టం వాదన గురించి. ఒహాయో నది మీద పోతూ కుడి ఒడ్డున బానిసత్వం లేని ఒహాయోను, ఎడమ ఒడ్డున బానిసత్వం ఉన్న కెంటకీని పోల్చిన ఘట్టం చాలా ప్రసిద్ధం. అటు సందడి, ఇటు సోమరితనం. అతను ఇచ్చిన అంకెలో తప్పు లేదు. 1830 జనాభా లెక్కల్లో ఒహాయో 9,37,903, కెంటకీ 6,87,917. తేడా సుమారు రెండున్నర లక్షలు, అతనూ అదే రాశాడు. కెంటకీ 1792లోనే రాష్ట్రమైతే ఒహాయో 1803లో అయింది, అంటే వెనక వచ్చినది ముందుకెళ్లింది.

తప్పు జరిగింది ఆ రెండు ఒడ్ల నుంచి దక్షిణాది మొత్తానికి తీర్పు చెప్పడంలో. కెంటకీ పత్తి సీమ కాదు. మిసిసిపీ, అలబామా, లూసియానాల్లో పత్తికీ చెరకుకూ వచ్చిన లాభాన్ని అతను లెక్కలోకి సరిగా తీసుకోలేదు. 1793లో విట్నీ పత్తి గింజ తీసే యంత్రం వచ్చాక పొట్టి పింజ పత్తి లోపలి నేలలకు పాకింది. ఇంగ్లండ్‌లోని లాంకషైర్ బట్టల మిల్లులు ఎంత పండితే అంత కొన్నాయి. బానిసల సంఖ్య 1790లో సుమారు 7 లక్షలు, 1830లో 20 లక్షలు, 1860లో 39.5 లక్షలు. నష్టం తెచ్చే వ్యవస్థ అలా పెరగదు. 1850ల్లో బానిసల ధరలు కూడా పైపైకే పోయాయి. యజమానికి లాభం, పక్కనున్న ఊళ్లకూ బడులకూ రోడ్లకూ నష్టం అని విడదీస్తే టోక్విల్ చూసిందీ నిలుస్తుంది, లెక్కలూ నిలుస్తాయి.

ఒహాయోను మరీ వెలుగులో చూడకండి. అక్కడ 1807 చట్టం ప్రకారం నల్లవాళ్లు స్థిరపడాలంటే 500 డాలర్ల పూచీకత్తు చూపాలి. 1829లో సిన్సినాటిలో గుంపులు వాళ్ల ఇళ్ల మీద పడితే వెయ్యిమందికి పైగా ఊరు విడిచారు, కొందరు కెనడా చేరారు. ట్రోలప్ అప్పుడు ఆ ఊళ్లోనే కాపురం ఉంది.

ఇంగ్లిష్ రచయితల గొంతులో 1834 తర్వాత వచ్చిన మార్పునూ గుర్తుపెట్టుకోండి. 1834లో అమలైన 1833 చట్టంతో తమ వలస రాజ్యాల్లో బానిసత్వం తీసేశామన్న ధీమా అది. ఆ చట్టం 2 కోట్ల పౌన్లు ఇచ్చింది యజమానులకు, బానిసలకు దమ్మిడీ కూడా కాదు. వెనువెంటనే మారిషస్ చెరకు తోటలకు మద్రాసు నుంచి, మన కోరంగి రేవు నుంచి ఒప్పంద కూలీలు ఓడలెక్కారు. మారిషస్ తెలుగువాళ్లను చాలాకాలం కోరంగీలనే పిలిచారు. అమెరికాను ఎండగట్టిన పేజీలు అందువల్ల విలువ కోల్పోవు, కానీ రాసినవాళ్ల దేశం ఆ సమయంలో ఏం చేస్తోందో తెలిసి చదవాలి.

---

గోదారిగట్టు:

చాలా ఉపకారం చేశారండీ. లయల్‌ను జాబితా నుంచి తీసేద్దామనుకున్నాం, ఇప్పుడు కెంబుల్ పక్కనే పెడతాం. ఉచితంగా దొరికే ప్రతులు వాడేటప్పుడు ఏం చూసుకోవాలి? బానిసల సొంత రచనల్లో వేటిని దేనికి జత చేయాలి?

---

పాత అట్లాసు:

ప్రతులు ముందు. టోక్విల్‌కు ఉచితంగా దొరికేది హెన్రీ రీవ్ పాత అనువాదం. అనువాదకుడి సొంత మొగ్గు అందులో కనిపిస్తోందని టోక్విల్ స్వయంగా అతనికి ఉత్తరం రాశాడు. ముఖ్యమైన వాక్యాలను కొత్త అనువాదంతో సరిచూడండి. ఐజాక్ వెల్డ్ (1799) లాంటి ఇంకా పాత యాత్రికుల వైపు వెళ్తే ఒక చిక్కు ఉంది. అప్పటి అచ్చులో ఎస్ అక్షరం పొడుగ్గా ఎఫ్‌లా ఉంటుంది. స్కాన్ చేసిన యంత్రం 'స్లేవ్' అనే మాటను 'ఫ్లేవ్' అని చదువుతుంది. మామూలుగా వెతికితే ఏమీ రాదు, పుస్తకంలో ఆ ప్రస్తావనే లేదనుకుని మూసేస్తారు. రెండు రకాలుగానూ వెతకండి.

జతలు. డికెన్స్ రిచ్మండ్ అధ్యాయానికి సాలమన్ నార్తప్. న్యూయార్క్ రాష్ట్రంలో స్వేచ్ఛగా బతికిన మనిషిని 1841 వసంతంలో వాషింగ్టన్‌లో ఎత్తుకుపోయి, రిచ్మండ్ మీదుగా ఓడలో న్యూ ఓర్లియన్స్‌కు అమ్మేశారు. డికెన్స్ ఏడాది తిరక్కుండా అదే దారిన వెళ్లాడు. రైల్లో డికెన్స్ చూసిన తల్లి ఎలాంటి దారిన పడిందో నార్తప్ లోపలి నుంచి చూపిస్తాడు. 1853 నాటి ఆ పుస్తకానికి వాక్యం కూర్చింది డేవిడ్ విల్సన్ అనే తెల్లజాతి వకీలు, అదీ గుర్తుంచుకోండి.

రిచ్మండ్ పొగాకు కార్ఖానాలో పనివాళ్లు పాడటం డికెన్స్ విన్నాడు. పాట వినగానే బానిసలు ఉల్లాసంగా ఉన్నారని రాసుకున్న యాత్రికులు చాలామంది. దానికి బానిసత్వం నుంచి పారిపోయి వచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్ 1845 ఆత్మకథ రెండో అధ్యాయం చదవండి. దుఃఖం ఎక్కువైనప్పుడే బానిసలు ఎక్కువ పాడతారని తేల్చి చెబుతాడు.

---

ఉప్పుటేరు:

1936–38 మధ్య ప్రభుత్వం మాజీ బానిసలతో తీయించిన ముఖాముఖులు కూడా ఉన్నాయి, రెండు వేల మూడు వందలకు పైగా, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో. వాటిని నేరుగా వాడేయకండి. చెప్పినవాళ్లలో చాలామందికి అప్పటికి ఎనభై దాటింది, బానిసత్వం నాటికి చాలామంది చిన్నపిల్లలు. అడిగినవాళ్లు ఎక్కువగా తెల్లవాళ్లు, కొన్నిచోట్ల పాత యజమాని కుటుంబాల ఊరివాళ్లే. మాంద్యం రోజులు కావడంతో పింఛను ఇప్పించేవాళ్లేమోనన్న ఆశతో మాట్లాడినవాళ్లూ ఉన్నారు. అడిగిన మనిషి ఎవరో ముందు చూసుకుని, అప్పుడు జవాబు చదవండి.

లయల్‌కు నేను జత చేసేది హారియట్ జేకబ్స్ (1861). నార్త్ కరొలినాలో అమ్మమ్మ ఇంటి అటక మీద దాదాపు ఏడేళ్లు దాక్కుని 1842లో ఉత్తరాదికి తప్పించుకున్న మనిషి. మతం మీద రాసిన అధ్యాయంలో ఆమె ఒక అతిథిని వర్ణిస్తుంది. ఉత్తరాది నుంచి వచ్చిన పాదిరీకి యజమాని మంచి భోజనం పెట్టి, తోట తిప్పి, కావాలంటే మా బానిసల్నే అడగండి అంటాడు. అతను అడుగుతాడు, స్వేచ్ఛ కావాలా అని. అబ్బే వద్దండీ అంటారు వాళ్లు. అతను ఊరికెళ్లి, బానిసత్వం గురించి చెప్పేవన్నీ అతిశయోక్తులని ప్రచురిస్తాడు. హోప్‌టన్ పేజీలు చదివిన రోజే ఈ అధ్యాయమూ చదివించండి, వేరే వారానికి వాయిదా వేయకండి.